లక్క మీద పీయూ పూత ఊడకుండా...

గాజువాక వైపు సముద్రపు తేమ గాలి ఎక్కువ. టేకు తలుపుకు, మంచానికి లక్క పాలిష్ వేయించి, మెరుపు నిలవాలని పైన పీయూ పూస్తున్నారా? కొన్నాళ్లకే పైపొర పెచ్చులుగా లేస్తోందా? అయితే ముందు లక్కలోని మైనం సంగతి చూడండి.

లక్క అంటే మోదుగ, రేగు వంటి చెట్లపై బతికే లక్క పురుగు ఇచ్చే జిగురు. మామూలు లక్క రేకుల్లో నూటికి 3 నుంచి 5 పాళ్లు మైనం ఉంటుంది. పీయూ దాన్ని సరిగా పట్టదు. అందుకని మైనం తీసిన లక్కే అడగండి. దొరక్కపోతే లీటరు స్పిరిట్‌లో 120 గ్రాముల రేకులు వేసి గాజు సీసాలో కరిగించండి. కొద్ది రోజులు కదపకుండా ఉంచితే మైనం అడుగుకు దిగుతుంది. పైన తేరినదే వంపుకోవాలి.

పొడి వాతావరణంలో పల్చగా రెండు పూతలు వేయండి. ఒక రోజు ఆరాక 320 నంబరు గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడిచి పీయూ పూయాలి. ముసురులో వేస్తే లక్క తెల్లబారుతుంది. నెలల తరబడి నిల్వ ఉన్న ద్రావణం ఆరక జిగటగా మిగులుతుంది. ముందు చెక్కముక్కపై వేసి చూసుకోండి. స్పిరిట్ దగ్గర బీడీ, పొయ్యి పనికిరావు.

ఇప్పటికే పెచ్చులూడిన తలుపైతే పైపొర గీకి, లక్కను స్పిరిట్ గుడ్డతో తుడిచేసి మళ్లీ మొదలుపెట్టండి. వానకు తడిసే తలుపుకు లక్క వద్దు.

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక బొమ్మల దారి వేరు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ బొమ్మలకు స్పిరిట్ అక్కర్లేదు. తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది.