క్యాన్సర్ మందులతో మాడు మీద దురద కురుపులు: ఉపశమనం ఎలా?

ఎర్లోటినిబ్, జెఫిటినిబ్ మాత్రలు, సెటుక్సిమాబ్ ఇంజెక్షన్ వాడేవారిలో తరచూ మొదటి రెండు వారాల్లోనే ముఖం, ఛాతీ, మాడు మీద దురద కురుపులు లేస్తాయి. ఈ మందులు అడ్డుకునే ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహకం క్యాన్సర్ కణాల్లోనే కాదు, చర్మంలో, వెంట్రుకల కుదుళ్లలో కూడా ఉండటమే కారణం. మొటిమల్లా కనిపించినా ఇవి మొటిమలు కావు. మొటిమల క్రీము రాస్తే చర్మం ఎండి మంట పెరుగుతుంది. చుండ్రనుకుని నిమ్మరసం రుద్దడం మరీ చేటు. గోరువెచ్చని నీళ్లు, సువాసన లేని తేలికపాటి షాంపూ చాలు. డాక్టర్లు సాధారణంగా స్టెరాయిడ్ లోషన్, క్లిండమైసిన్ పైపూత ఇస్తారు. జుట్టున్న చోట ఆయింట్‌మెంట్ కన్నా లోషనే నయం. తీవ్రమైతే డాక్సీసైక్లిన్ మాత్రలు తోడవుతాయి. చీము, పసుపురంగు చెక్కులు, జ్వరం కనిపిస్తే అదే రోజు ఆస్పత్రికి చెప్పాలి. దురద భరించలేక క్యాన్సర్ మందును సొంతంగా ఆపకూడదు. మోతాదు తగ్గించాలా, కొన్నాళ్లు ఆపాలా అన్నది ఆంకాలజిస్టే తేల్చాలి.