కోడి తప్పా, గూటి తప్పా?

భద్రాచలం చుట్టూ అడవి. అడవి అంచున పల్లెలు. చర్ల, దుమ్ముగూడెం, అశ్వాపురం, మణుగూరు వైపు ఏ పల్లెకు పోయినా పెరట్లో కోళ్లు కనిపిస్తాయి. ఇది 2016 దాకా ఖమ్మం జిల్లా. 2016 అక్టోబరు నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. జిల్లా పేరు మారింది. పెరట్లో కోడి అట్లాగే ఉంది.

చాలా ఇళ్లలో పొలం మగవాళ్ల పేరు మీద ఉంటుంది. ఎడ్లు అమ్మిన డబ్బు మగవాళ్ల చేతికి పోతుంది. కోడి మాత్రం ఆడవాళ్ల సొత్తు. పిల్లకు జ్వరం వచ్చినా, బడి పుస్తకాలు కొనాలన్నా కోడిని గంపలో పెట్టుకుని సంతకు పోతారు. ఆ డబ్బుకు ఎవరినీ అడగనక్కర లేదు. అందుకే ఒక కోడి పోతే ఆ ఇల్లాలి చేతిలో డబ్బు పోయినట్టే.

అయినా పెరట్లో ఇట్లాంటి మాటలు వినిపిస్తూనే ఉంటాయి.

"అత్తా! నల్లపెట్ట మళ్లా చింతచెట్టు ఎక్కింది. గూట్లోకి రానంటది."

"మాయదారి కోడి! గుడ్లు ఎక్కడ పెడతదో తెల్వదు. కొత్త పెట్టను పొడిచి చంపుతది. వచ్చే సంతకు అమ్మెయ్."

అమ్మే ముందు ఒకసారి గూటిని చూడాలి. ఈ మూడు తిప్పలకూ చాలాసార్లు కారణం కోడి కాదు, గూడే.

1. రాత్రి పడక

ఊరి కోడి అడవి కోడి నుంచే వచ్చింది. ఆ ఎర్ర అడవి కోడి గోదావరి పక్క అడవుల్లో ఇప్పటికీ ఉంది. పగలంతా నేల మీద గీరుకుని తింటుంది. పొద్దు గుంకగానే కొమ్మ ఎక్కి పడుకుంటుంది. చీకట్లో కోడికి చూపు ఆనదు. కింద ఉంటే నక్క పట్టుకుపోతుంది. అందుకే ఎత్తు వెతుక్కుంటుంది. ఊరి కోడికీ అదే గుణం వచ్చింది. గూట్లో ఎక్కడానికి ఏమీ లేకపోతే అది చెట్టునే వెతుక్కుంటుంది.

కాని చెట్టు మీద కూడా భయమే. అడవి పిల్లి చెట్టు ఎక్కగలదు. వానకు కోడి తడుస్తుంది. కాబట్టి కొమ్మను గూట్లోకే తేవాలి. అంటే, గూట్లో అడ్డంగా ఒక కర్ర కట్టాలి.

కర్ర రెండు వేళ్ల మందం కంటే లావుగా ఉండాలి. నున్నగా ఉండాలి. మోకాలి కంటే కొంచెం ఎత్తులో కట్టాలి. ఒక్కో కోడికి జానెడు చోటు కావాలి. గోడకు, కర్రకు మధ్య కూడా జానెడు వదలాలి. రెండు కర్రలు కడితే రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి పైన, ఒకటి కింద కడితే పై కర్ర కోసం రోజూ కొట్లాటే.

చెట్టుకు అలవాటు పడిన కోడిని చీకటి పడ్డాక మెల్లగా దించాలి. అప్పుడది గింజుకోదు. తెచ్చి గూట్లో కర్ర మీద కూర్చోబెట్టాలి. వారం రోజులు ఇట్లా చేస్తే తనంతట తనే వస్తుంది. సాయంత్రం గూటి ముందు పిడికెడు నూకలు చల్లితే ఇంకా తొందరగా అలవాటు పడుతుంది.

కర్ర ఉన్నా కోడి లోపలికి రావడం లేదా? అయితే రెండు సంగతులు చూడాలి.

ఒకటి, గాలి. ఈ వైపు ఎండాకాలంలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులు ఉన్నాయి. గాలి ఆడని గూడు రాత్రి కూడా ఉడుకుతుంది. కప్పు కింద చుట్టూ సందు ఉండాలి. ఆ సందుకు వెదురు తడిక గాని, జాలి గాని కట్టాలి. లేకపోతే ముంగిస, పాము లోపలికి వస్తాయి.

రెండు, పురుగు. నల్లుల్లాంటి సన్న ఎర్ర పురుగులు పగలు కర్ర పగుళ్లలో దాక్కుంటాయి. రాత్రి కోడి రక్తం తాగుతాయి. పగలు చూస్తే కనపడవు. రాత్రి బ్యాటరీ లైటు వేసి కర్ర అడుగున చూడాలి. పురుగు ఉంటే కర్ర తీసి మరిగిన నీళ్లు పోయాలి. గూటి గోడలకు సున్నం కొట్టాలి. పెరట్లో ఒక మూల పొడి బూడిద, ఇసుక కలిపి పోస్తే కోళ్లు అందులో పొర్లుతాయి. ఒంటి మీది పేలు రాలిపోతాయి.

2. గుడ్లు పెట్టే చోటు

కోడి గుడ్డు పెట్టడానికి మూడు కోరుతుంది. చీకటి, మెత్తన, చప్పుడు లేని చోటు. అవి గూట్లో దొరకకపోతే కట్టెల మోపు వెనక, పొదల్లో పెడుతుంది. ఆ గుడ్లు పాములకు, కుక్కలకు పోతాయి.

పాత గంప గాని, అడుగు వెడల్పు ఉన్న చెక్క పెట్టె గాని చాలు. అందులో ఎండు వరిగడ్డి వేయాలి. నాలుగైదు వేపాకు రెమ్మలు కూడా వేస్తే మంచిది. నాలుగు కోళ్లకు ఒక గంప కావాలి. గంప పడక కర్ర కంటే కిందే ఉండాలి. పైన ఉంటే కోళ్లు రాత్రి గంపలోనే పడుకుని రెట్ట వేస్తాయి. గుడ్లు పాడవుతాయి. కర్రకు సరిగ్గా కింద కూడా గంప పెట్టకూడదు.

కొత్త గంపలో గుడ్డు లాంటి తెల్లటి గుండ్రాయి ఒకటి పెట్టాలి. దాన్ని చూసి కోడి అక్కడ పెట్టవచ్చని అనుకుంటుంది. గుడ్లు రోజూ తీయాలి. పగిలిన గుడ్డు గంపలో ఉంటే కోడి దాని రుచి మరుగుతుంది. తర్వాత మంచి గుడ్లు కూడా పొడిచి తాగుతుంది.

ఇక్కడ చదువు పనికొస్తుంది. గుడ్డు తీసిన వెంటనే దాని మీద పెన్సిలుతో తేదీ రాయాలి. పొదగేయడానికి వారం లోపు గుడ్లే మంచివి. పాత గుడ్లు సరిగా పొదగవు. తేదీ రాస్తే ఏవి పొదగేయాలో, ఏవి వండుకోవాలో తెలుస్తుంది. పొదగేసిన తేదీని గోడ మీద రాయాలి. 21 రోజులకు పిల్లలవుతాయి.

పొదుగుడు కోడిని వేరే మూల కూర్చోబెట్టాలి. అందరితో ఉంటే మిగతా కోళ్లు వచ్చి అదే గంపలో గుడ్లు పెడతాయి. ఏ గుడ్డు ఏ రోజుదో తెలియదు. నాటు కోడి 10, 12 గుడ్లను చక్కగా పొదుగుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారు చేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు ఎక్కువ గుడ్లు పెడతాయి. కాని అవి సాధారణంగా పొదగవు. ఆ రకాలు పెంచే ఇంట్లో కూడా ఒకటి రెండు నాటు పెట్టలు ఉంటే మేలు.

3. పొడుచుకోవడం

అత్త మీద కోపం దుత్త మీద అంటారు. కోళ్లలో కూడా అంతే. పెద్ద కోడి రెండో దాన్ని పొడుస్తుంది. రెండోది మూడో దాన్ని పొడుస్తుంది. అన్నిటికంటే చివరిది అందరి చేతా దెబ్బలు తింటుంది. నార్వే దేశపు శాస్త్రజ్ఞుడు షెల్డెరుప్ ఎబ్బె ఈ వరసను గమనించి 1920ల్లో లోకానికి చెప్పాడు. వరస కుదిరాక కోళ్లు చిన్న చిన్న పోట్లతో సరిపెట్టుకుంటాయి. రక్తం కారేలా పొడుస్తున్నాయంటే ఏదో తక్కువైందని అర్థం.

చోటు తక్కువా? ఒక్కో కోడికి గూట్లో 2 చదరపు అడుగులు ఉండాలి. పది కోళ్లకు 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల పొడవు గూడు సరిపోతుంది.

తిండి తక్కువా? ఒక్క చోటే వేస్తే బలమైన కోడి తింటుంది, బలం లేనిది పస్తుంటుంది. రెండు మూడు చోట్ల వేయాలి. నీళ్లు కూడా రెండు చోట్ల పెట్టాలి. నూకలు, తవుడు ఒక్కటే చాలవు. చెదలు, పురుగులు, ఆకుకూర కూడా కావాలి. మునగాకు కట్ట ఎత్తుగా వేలాడదీస్తే దాన్ని పీక్కుంటూ ఉంటాయి. ఒకదాన్ని ఒకటి పీక్కోవు.

పుంజులు ఎక్కువా? పది పెట్టలకు ఒక పుంజు చాలు. పందెం జాతి పుంజులు రెండు ఉంటే వాటిని విడిగా ఉంచాల్సిందే.

గాయమైన కోడిని వెంటనే వేరు చేయాలి. ఎర్రటి రక్తం కనబడితే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి. గాయం కడిగి పసుపు, వేపనూనె రాయాలి. పూర్తిగా మానాకే కలపాలి. అందరినీ పొడిచే కోడిని నాలుగు రోజులు గంప కింద విడిగా ఉంచాలి. తిరిగి వచ్చేసరికి దాని పెత్తనం తగ్గుతుంది.

సంత నుంచి తెచ్చిన కోడిని ఆ రోజే కలపకూడదు. రెండు వారాలు దూరంగా ఉంచాలి. కొక్కెర తెగులు ఉంటే ఈలోగా బయటపడుతుంది. తెలియక కలిపితే గూడంతా ఖాళీ అవుతుంది. తెగులు లేదని తేలాక నాలుగు రోజులు సందులున్న గంప కింద మిగతా కోళ్ల దగ్గర ఉంచాలి. అవి ఒకదాన్నొకటి చూసుకుంటాయి. తర్వాత ఒక రాత్రి తెచ్చి కర్ర మీద కూర్చోబెట్టాలి. ఒక్క కోడిని తేవడం కంటే రెండు తెస్తే దెబ్బలు పంచుకుంటాయి.

ఒక కర్ర, ఒక పాత గంప, గంపెడు బూడిద. వీటికి పెద్దగా ఖర్చు లేదు. ఒక కోడి నిలిస్తే వీటన్నిటి విలువ తిరిగి వస్తుంది. గూడు బాగు చేశాక కూడా తీరు మారని కోడి ఉంటే, అప్పుడు సంతకు తీసుకుపోవచ్చు.

లెక్క చేయండి

1. జూన్ 4న కోడిని పొదగేశారు. పిల్లలు ఏ తేదీకి అవుతాయి?
2. 12 కోళ్లు ఉన్నాయి. పడక కర్ర ఎన్ని జానలు ఉండాలి? గుడ్ల గంపలు ఎన్ని కావాలి?

ఈ రాత్రి చేయండి

మీ కోళ్లు ఎక్కడ పడుకున్నాయో దీపం పట్టుకుని చూడండి. గూట్లో ఎన్ని, బయట ఎన్ని? లెక్కపెట్టి పలక మీద రాయండి. రేపు కేంద్రానికి తెచ్చి చదివి వినిపించండి.