కంపోజింగ్ స్టిక్ నుంచి కీబోర్డు దాకా

1. చేయి తిరిగిన పనికీ వయసైపోతుంది.

1964లో, పదిహేనో ఏట, తెనాలిలో మా నాన్నగారి ప్రెస్సులో అక్షరాల కేసు ముందు నిలబడ్డాను. సీసం అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. గుణింతాలకూ ఒత్తులకూ వేరు వేరు గళ్లు. చూడకుండా చేయి పోవడానికి రెండేళ్లు పట్టింది. ఇక జీవితానికి సరిపడా విద్య వచ్చేసిందనుకున్నాను. కంప్యూటర్ మీద పేజీలు కూర్చే డీటీపీ వచ్చాక కూడా సీసం అచ్చు నిండుదనం దానికెక్కడిదంటూ ఐదేళ్లు జరిపాను. ఈలోగా శుభలేఖల బేరాలన్నీ పక్క వీధికి వెళ్లిపోయాయి.

2. చిన్నవాణ్ణి గురువుగా ఒప్పుకోవడమే అసలు కష్టం.

నలభై ఆరో ఏట నాకు పేజ్‌మేకర్ నేర్పింది డిగ్రీ చదువుతున్న మా మేనల్లుడు. పగలు అడగడానికి నామోషీ. షట్టర్ దించాక అడిగేవాణ్ణి. "మామయ్యా, మౌస్ అంత బిగించి పట్టుకోకు" అనేవాడు ఓపిగ్గా.

3. దాచినది రేపటివాళ్లు చదవగలగాలి.

అప్పటి ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరం చోట తెలుగు బొమ్మ కూర్చునేది. అందుకే మేం కూర్చిన పుస్తకాలు ఇవాళ ఫోన్‌లో తెరిస్తే పిచ్చిగీతలు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. నేను 2012 దాకా పట్టించుకోలేదు. నాయనా, నువ్వు పట్టించుకో.

4. నేను నేర్చుకున్నాను, పక్కవాణ్ణి వదిలేశాను.

మా కంపోజిటర్ ఇరవై రెండేళ్లు మాతో ఉన్నాడు. శుభలేఖ చేతికొస్తే ముందు గోడనున్న పంచాంగం దించేవాడు. తిథి, వారం, తేదీ మూడూ కలిస్తేనే అక్షరాలు కూర్చే స్టిక్ పట్టేవాడు. కంప్యూటర్ కొన్న ఏడాది ఆయన్ను మాన్పించాను. చేతిలో కొంత డబ్బు పెట్టి, న్యాయం చేశాననుకున్నాను. మరుసటి మాఘంలో నేనే కూర్చిన శుభలేఖలో గురువారం బదులు బుధవారం పడింది. నాలుగు వందల కార్డులు. పెళ్లికూతురి తండ్రి కోప్పడలేదు, కార్డు చేతిలో పట్టుకుని అలా నిలబడిపోయాడు. అక్షరం అంతగా ఎరిగిన మనిషికి కీబోర్డు నేర్పడం ఎన్నాళ్ల పని? ఆ మాట నాకప్పుడు తోచనే లేదు.

చాలా ఏళ్ల తర్వాత ప్రూఫులు పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాను. కళ్లకు శుక్లాలు. "మీరు చదవండి, వింటాను" అన్నాడు. మొదటి వాక్యం చదవగానే ఆపి, "ఏ వారం అన్నారు?" అని అడిగాడు.