కల్పిత యంత్రము – ఫర్మ్‌వేరు చీటీల పద్ధతి

పై తరగతులలో కంప్యూటరు శాస్త్రము నభ్యసించు మన పిల్లలు ‘వర్చువల్ మెషీను’ అను మాటను ఇంటివద్ద పలుకగా, అది యేమో తెలియక తల్లిదండ్రులు మౌనము వహింపవలసి వచ్చుచున్నది. సాంకేతిక విద్య ఇంగ్లీషునకే చెల్లునను భావము తెలుగు పిల్లలను పెంచు మనకు తగదు. కావున అందలి యొక చిన్న యంశమును తెలుగున వివరించుచున్నాను.

ఒక కంప్యూటరులోపల, ప్రోగ్రాముల బలముచేత మాత్రమే నడచు మఱియొక కంప్యూటరును కల్పింపవచ్చును. అదియే వర్చువల్ మెషీను, అనగా కల్పిత యంత్రము. ఇట్టి యంత్రమును నడపు సాధనములలో ‘క్యూఈఎంయూ’ ప్రసిద్ధమైనది. ఫాబ్రీస్ బెల్లార్డ్ అను ప్రోగ్రామరు దీనిని 2003లో లోకమునకు వెల్లడించెను. దీని సహాయమున విద్యార్థి అసలు యంత్రమునకు హాని కలుగకుండ బాస్ లినక్సు వంటి వ్యవస్థను స్థాపించి పరీక్షింపగలడు.

ఏ కంప్యూటరైనను మేల్కొనగానే మొదట నడచునది ఫర్మ్‌వేరు. ఇది భాగములను సిద్ధపఱచి ఆపరేటింగ్ సిస్టమును పిలుచును. ఇందు పాత పద్ధతి బయోస్, క్రొత్తది యూఈఎఫ్‌ఐ. కల్పిత యంత్రమునకును ఫర్మ్‌వేరు కావలయును. అయితే దానికిది చిప్పులో గాక ఫైలు రూపమున నుండును.

చిక్కంతయు నిచ్చటనే. డెబియన్ ఆ ఫైళ్ల నొకచోట, ఫెడోరా వేఱొకచోట నుంచును. కోవిల్‌పట్టిలో డెబియన్‌పై సిద్ధపఱచిన యంత్రమును విరుదునగరములో ఫెడోరాకు మార్చితిమనుకొందము. వివరణలో వ్రాసిన చోట ఫైలు లేనందున అది మేల్కొనదు. తప్పు పిల్లవానిది కాదు. కాని తనకు చదువు రాదని వాడే క్రుంగును.

విరుదునగరము మండీలో పప్పుమూటను విప్పకయే, పైనున్న గుర్తును జూచి సరకును పోల్చుకొందురు. 2018లో క్యూఈఎంయూవారు నిర్ణయించిన పద్ధతియు నిట్టిదే. ప్రతి ఫర్మ్‌వేరునకు జేసన్ రూపమున నొక వివరణ చీటీ యుండవలెను. అది బయోసా, యూఈఎఫ్‌ఐయా, ఏ ఫైలునందున్నది, ఏ యంత్రములకు తగును, సెక్యూర్ బూట్ వంటి రక్షణ కలదా – ఇవన్నియు నందు వ్రాయబడును. యంత్రపు అమరికలు నిలుపుకొను ఫైలునకు మూలప్రతి యెచ్చటనున్నదో కూడ తెలుపబడును. ప్రతి కల్పిత యంత్రమునకు దాని నకలు వేఱుగా నీయబడును.

చీటీలకు మూడు స్థానములు నియమింపబడినవి. మొదటిది పంపిణీదారులది, రెండవది కంప్యూటరు నిర్వాహకునిది, మూడవది వాడుకరి సొంతము. ఒకే పేరుగల చీటీలు రెండుచోట్ల నున్నచో వాడుకరిది నిర్వాహకుని దానిని, నిర్వాహకునిది పంపిణీదారుల దానిని త్రోసివేయును. ఆ పేరుతో ఖాళీ చీటీ నుంచినచో క్రింది స్థానమందలిది లేనట్లే. మిగిలినవానిని పేర్ల వరుసలో జూచి, కోరిన లక్షణములన్నియు గల మొదటిదానిని గ్రహింపవలెను. పేర్ల ముందు 30, 50 వంటి అంకెలుండుట యీ వరుసకొఱకే.

కల్పిత యంత్రములను నిర్వహించు ‘లిబ్‌వర్ట్’ 2019లో దీని నవలంబించెను. అప్పటినుండి ఫైలు చోటును వ్రాయక, ‘ఈఎఫ్‌ఐ’ కావలెనని మాత్రము కోరిన చాలును. ఆ కంప్యూటరులోని చీటీలను వెదకి తగినదానిని అదియే యెన్నుకొనును.

చోటును గాక లక్షణమును అడుగుట యిందలి సారము. ఒక యూర నేర్చిన పని మఱియొక యూర చెల్లవలెనన్న అందఱును ఒప్పుకొన్న నియమము వ్రాతలో నుండవలెను.

తల్లిదండ్రులు పిల్లల నడుగదగిన ప్రశ్నలు :

1. ఫర్మ్‌వేరు చేయు పని యేమి?
2. ఒకే పేరుగల రెండు చీటీలలో దేనిది పైచేయి? ఏల?
3. అమరికల ఫైలును అన్ని యంత్రములకు ఒక్కటిగా నుంచిన నేమగును?

ప్రత్యుత్తరము తెలుగున చెప్పుమనుడు. తన మాటలలో చెప్పగలిగిన నాడే పాఠము పిల్లవాని సొత్తగును.