యోగంలో ఆసనానికి ముందు ఏముంది?
– పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (తత్త్వశాస్త్రం)

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు, ఎం.ఏ.లో చదివిన విషయమే రాస్తానని ఒప్పుకున్నాను. తత్త్వశాస్త్రం అంటే మా ఇంట్లో "దానికి ఉద్యోగం వస్తాదా నాయనా?" అని అడిగారు. తమ్ముళ్లేమో "అన్నా, నీకు శీర్షాసనం వస్తాదా?" అన్నారు. రాదు. అయినా యోగం గురించి రాయవచ్చునని ఈ వ్యాసం చదివితే తెలుస్తుంది.

2014 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినోత్సవంగా ప్రకటించింది. 2015 నుండి ఆ రోజున బడుల్లో పిల్లలను వరుసగా నిలబెట్టి ఆసనాలు వేయిస్తున్నారు. మంచిదే, ఒంటికి మేలు. కానీ పతంజలి యోగసూత్రాలు 195 ఉంటే (కొన్ని ప్రతుల్లో 196), అందులో ఆసనం గురించి నేరుగా చెప్పినవి మూడే. కదలకుండా, ఇబ్బంది లేకుండా కూర్చోగలగాలి అన్నదే వాటి సారాంశం. ఆసనాలకు పెద్దపీట వేసినవారు తర్వాతి హఠయోగులు. 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన 'హఠయోగ ప్రదీపిక' వారి ముఖ్య గ్రంథం. ఇప్పుడు టీవీలో చూసే ఆసనాల వరుసలకు 1930లలో మైసూరు రాజభవనంలో తిరుమలై కృష్ణమాచార్య నేర్పిన పద్ధతి చాలావరకు మూలం.

మరి యోగ దర్శనం చెప్పేదేమిటి? యోగమంటే కలయిక అని అందరూ అంటారు. జీవాత్మ పరమాత్మలో కలవడం అనేది వేదాంతుల మాట. పతంజలి చెప్పేది ఒక విధంగా విడదీయడమే. ఆయన సాంఖ్యుల లెక్కను తీసుకున్నాడు. చూసేవాడు పురుషుడు. కనిపించేదంతా ప్రకృతి. విచిత్రమేమిటంటే, మన మనసు, బుద్ధి, నేను అనే అహంకారం కూడా ప్రకృతి వైపే ఉంటాయి. పీలేరు బస్టాండులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు పక్క బస్సు కదిలితే మన బస్సే కదిలినట్టు అనిపిస్తుంది కదా! అలాగే కదిలేది మనసైతే, కదిలింది నేనేనని పురుషుడు పొరబడతాడు. దుఃఖానికి మూలం అదే అంటుంది యోగం. మనసు కదలికలు అణిగితే చూసేవాడు తన స్వరూపంలో నిలుస్తాడు. ఆ స్థితికి కైవల్యం అని పేరు.

ఈ మాట మనబోటి వాళ్లకు ఎందుకు? "నాకు ఇంగ్లీషు రాదు", "మా ఇంట్లో ఎవరూ చదవలేదు" అనేవి మనం మన పేరులాగా మోసుకు తిరుగుతాం. యోగం ప్రకారం అవి చూడబడేవే గాని చూసేవాడు కాదు. హాస్టల్ అడ్మిషన్ ఫారంలో కులం గడి ఉంటుంది. అది ఉండాలి కూడా, అది లేకుంటే మనకీ హాస్టలే లేదు. పురుషుడికి మాత్రం ఆ గడి లేదు. ఆడ, మగ అనే గడి కూడా లేదు.

ఇక అష్టాంగాలు. యమం, నియమం, ఆసనం, ప్రాణాయామం, ప్రత్యాహారం, ధారణ, ధ్యానం, సమాధి. ఆసనం మూడోది. మొదటిదైన యమంలో అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం అని అయిదు. అంటే ఒంటిని వంచకముందే ఎదుటివాడితో ఎలా మెలగాలో తేల్చుకోవాలి. అస్తేయం అంటే దొంగతనం చేయకపోవడం. పక్కవాడి ట్రంకు పెట్టెలోని సబ్బుతో మొదలవుతుంది.

నన్ను బాగా పట్టుకున్నది రెండో పాదంలోని ముప్పై ఒకటో సూత్రం. జాతి, దేశం, కాలం, సందర్భం అనే హద్దులు లేకుండా పాటిస్తేనే ఈ అయిదూ మహావ్రతమవుతాయని దాని భావం. దీనికి వ్యాస భాష్యం ఉదాహరణ ఇస్తుంది. జాలరి చేపలను తప్ప మరి దేనినీ చంపడు, అది జాతి హద్దున్న అహింస. తీర్థంలో చంపను అంటే దేశం హద్దు. చతుర్దశి నాడు చంపను అంటే కాలం హద్దు. క్షత్రియుడు యుద్ధంలోనే చంపుతానంటే సందర్భం హద్దు. మొదటి ఉదాహరణకు పొట్టకూటికి వల వేసే జాలరే దొరికాడా అని నాకు అనిపించింది. అయినా సూత్రం మాత్రం గట్టిది. మనవాళ్లకైతే ఒక న్యాయం, పరాయివాళ్లకైతే ఒక న్యాయం అంటే అది యమం కాదు.

మా నాయన చిన్నప్పుడు ఒక ఊళ్లో టీ అంగట్లో ఆయనకు వేరే గ్లాసు. తాగి, కడిగి, చూరులో పెట్టి రావాలి. ఆ కాలంలోనూ అహింస గురించి హరికథలు జరిగాయి. జాతి హద్దు వద్దన్న మాట సూత్రంలోనే ఉండిపోయింది, టీ అంగడి దాకా రాలేదు. సంస్కృతం చదవనివ్వని వాళ్లకు ఆ సూత్రం ఉందని తెలిసేదెట్లా?

దాన్ని తెలుగులోకి తెచ్చినవారిలో ఒకరు మనకు దగ్గరి మనిషే. గుర్రంకొండ మండలంలోని తరిగొండ వెంగమాంబ (1730–1817). చిన్నతనంలోనే పెళ్లి, చిన్నతనంలోనే వైధవ్యం. తల తీయించుకోనని, పసుపు కుంకుమలు విడువనని ఎదురు నిలిచింది. ఊరు ఊరుకోలేదు. మదనపల్లెలో సుబ్రహ్మణ్య శాస్త్రి అనే గురువు దగ్గర యోగవిద్య నేర్చుకున్నదని చెబుతారు. తర్వాత తిరుమల చేరి, తుంబురు కోనలో తపస్సు చేసింది. 'అష్టాంగ యోగసారము', 'రాజయోగామృతసారము', 'వాసిష్ఠ రామాయణము' ఆమె రచనలు. వాసిష్ఠ రామాయణం ద్విపద. రెండేసి పాదాల ఛందస్సు, పాడుకోవచ్చు, పక్కన పండితుడు అక్కరలేదు. తిరుమలలో వేలమంది రోజూ భోంచేసే అన్నప్రసాద భవనానికి 2011 నుండి ఆమె పేరే ఉంది. అక్కడ తిని వచ్చిన మనలో ఎంతమందికి ఆమె యోగశాస్త్రం రాసిందని తెలుసు?

ఆమె తెలుగు చేసిన వాసిష్ఠానికి మూలమైన సంస్కృత గ్రంథంలో చూడాల అనే రాణి కథ ఉంది. భర్తకంటే ముందే ఆమెకు జ్ఞానం కలుగుతుంది. చెబితే రాజు వినడు, ఆడమాట అని తోసేస్తాడు. అడవిలో తపస్సు చేస్తున్న అతని దగ్గరకు చివరికి బ్రాహ్మణ యువకుడి వేషంలో వెళ్లి బోధిస్తే తలవంచి వింటాడు. మాట అదే, వేషమే మారింది! వెంగమాంబ మాత్రం ఏ వేషమూ వేయకుండా తన పేరుతోనే చెప్పింది. అందుకే నాకు చూడాల కంటే ఆమె పెద్దగా కనబడుతుంది.

మన హాస్టల్ గోడమీద ఫోటోలో ఉన్న అంబేద్కర్ గారు 'బుద్ధుడు – ఆయన ధర్మం' గ్రంథంలో (ఇది ఆయన పోయాక 1957లో వెలువడింది) గౌతముడు ఆళార కాలాముడి దగ్గర, ఉద్దక రామపుత్రుడి దగ్గర ధ్యానం నేర్చుకున్న సంగతి రాశారు. గౌతముడు నేర్చుకున్నాడు, అది చాలదని తెలుసుకుని ముందుకు పోయాడు. బౌద్ధులు చెప్పే మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగూ పతంజలి మొదటి పాదంలోనూ ఉన్నాయి. సుఖంగా ఉన్నవారితో స్నేహం, దుఃఖంలో ఉన్నవారిపై దయ, మంచి చేసినవారిని చూసి సంతోషం, చెడు చేసేవారిని మనసులో పెట్టుకుని కుమిలిపోకపోవడం. వీటివల్ల మనసు తేటపడుతుందని ఆయన చెబుతాడు.

నాలుగింటిలో మూడోదే కష్టం. పదో తరగతి ఫలితాల రోజు మన పక్క పరుపువాడికి మనకంటే ముప్పై మార్కులు ఎక్కువొస్తే, వాడికి స్వీటు తినిపించి చూడండి. శీర్షాసనం దానికంటే సులువు.