మోకాళ్ల నొప్పికి విశ్రాంతియా, వ్యాయామమా?

నడివయసు దాటిన రైతులలో పలువురు మోకాళ్ల నొప్పిచే బాధపడుచున్నారు. చేనిగట్టు దిగలేరు, కలుపుతీయ గూర్చుండిన లేవలేరు. కాలు కదపకున్న నొప్పి తగ్గునని తలంచి మంచము పట్టుచున్నారు. ఈ తలంపు పొరపాటని తెలుపుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మోకాటిలో రెండెముకల నడుమ నునుపైన మెత్తని పొర కలదు. వయసుచేతను, అధికమైన బరువుచేతను, పూర్వము తగిలిన దెబ్బలచేతను అది చెడి యరుగును. 2019వ సంవత్సరమున ప్రపంచమునందు సుమారు 52 కోట్ల 80 లక్షలమందికి కీళ్ల యరుగుదల యుండెనని ప్రపంచారోగ్యసంస్థ లెక్క. వారిలో మోకాటి బాధ గలవారే యెక్కువ. అరిగిన పొరను మరల మునుపటివలె జేయు మందు లేదు. అయినను నొప్పిని తగ్గించుకొనుట చాలవఱకు మన చేతిలోనిదే.

పందిరికి రాటలెట్లో మోకాటికి తొడకండ లట్లు. కదలక కూర్చున్న నవి చిక్కును, చిక్కినకొలది భారము కీలుపై బడును, నొప్పి హెచ్చును, నొప్పికి వెఱచి మఱింత కదలము. ఈ చుట్టును త్రెంచునది వ్యాయామమే. దినదినము చేయవలసినవి యివి:

1. వెల్లకిల పరుండి, ఒక కాలు మడిచి, రెండవదానిని చాచి, మోకాలు వంచక జానెడెత్తు లేపి, 5 లెక్కించువఱకు నిలిపి మెల్లగా దింపవలయును. కాలొకటికి 10 మార్లు.

2. ఎత్తైన బల్లపై గూర్చుండి 10 మార్లు లేచి కూర్చుండవలయును. మొదట చేతులూనినను తప్పులేదు.

3. చదునైన బాటపై 10 నిమిషములు నడచి, క్రమముగా 30 నిమిషములకు పెంచవలయును.

చేయునపుడు కొంచెము నొప్పి కలిగిన భయములేదు. మఱునాటికిని హెచ్చుగా నున్నచో లెక్క తగ్గింపుడు, మానవలదు. ఫలము కనబడుటకు 6 మొదలు 12 వారములు పట్టవచ్చును. నారు పోసిననాడే పంట కోయము గదా!

స్థూలకాయులు 1 కిలో బరువు తగ్గిన, అడుగడుగున మోకాటిపై సుమారు 4 కిలోల భారము తగ్గును. గొంతుక కూర్చుండుట తగ్గించి, వీలైన పనులకు ఎత్తుపీట వాడుడు. కుడికాలు నొచ్చిన నెడమచేతను, ఎడమకాలు నొచ్చిన కుడిచేతను కఱ్ఱ పట్టుడు. వైద్యుని యడుగక నొప్పిబిళ్లలను బహుకాలము మ్రింగుట కడుపునకును మూత్రపిండములకును చేటు. మోకాలు హఠాత్తుగా వాచి, వేడెక్కి, జ్వరము వచ్చినను, కాలు మోపలేకున్నను వెంటనే వైద్యుని జూడవలయును.

ఈ సాధనకు ఋణముతో బనిలేదు. పూట పూటకు కొంత శ్రద్ధ చాలును. కాలు నిలిచిననే కమతము నిలుచును.