పోటీ పరీక్షల ప్రత్యేకం: కణ చికిత్స, రోగనిరోధక శక్తి

విశాఖపట్నంలోని పూర్ణా మార్కెట్ నుంచి అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి సిటీ బస్సులో వెళ్లవచ్చు. ప్రోటాన్ చికిత్సకు మాత్రం చెన్నై వంటి చోటికి రైలెక్కాలి. దక్షిణాసియాలో తొలి ప్రోటాన్ కేంద్రం చెన్నై అపోలోలో 2019లో మొదలైంది.

ఎక్స్ కిరణాలు కణితిని దాటి అవతలికీ పోతాయి. కణ చికిత్సలో వాడే ప్రోటాన్లు, కార్బన్ అయాన్లు మాత్రం నిర్ణీత లోతులో శక్తిలో ఎక్కువ భాగాన్ని వదిలి దాదాపు ఆగిపోతాయి. అదే బ్రాగ్ శిఖరం. దీన్ని వైద్యానికి వాడాలని 1946లో సూచించినవాడు రాబర్ట్ విల్సన్.

రోగనిరోధక శక్తికి ఈ చికిత్సతో ఏం సంబంధం? లింఫోసైట్లు రేడియేషన్‌కు చాలా సులభంగా చనిపోతాయి. ఉదాహరణకు ప్రోస్టేట్ క్యాన్సర్‌ను తీసుకుంటే, ప్రోస్టేట్ చుట్టూ ఉన్న కటి ఎముకల మజ్జలో రక్తకణాలు తయారవుతాయి. కటి శోషరస గ్రంథులకూ కిరణాలిస్తే లింఫోసైట్ల సంఖ్య మరింత పడిపోతుంది. కణ చికిత్సలో మజ్జకు, ప్రవహించే రక్తానికి తగిలే మోతాదు తగ్గుతుంది కాబట్టి ఆ నష్టం తగ్గవచ్చని అంచనా. మరోవైపు, చనిపోతున్న క్యాన్సర్ కణాలు కాల్‌రెటిక్యులిన్ వంటి సంకేతాలతో టీ కణాలను మేల్కొలపగలవు. కిరణాలు తగలని చోటా కణితి కుంచించుకుపోతే అది అబ్‌స్కోపల్ ప్రభావం. ఆ పేరు పెట్టింది ఆర్.హెచ్. మోల్, 1953లో. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో ఇది చాలా అరుదు.